ఎడమ పేజీలో చంద్రుడు

నోటుపుస్తకం మరీ అందంగా ఉంటే పెట్రా ఆల్కరాస్‌కి అనుమానం. మనీలాలో పని చేసిన రోజుల్లో అంటుకున్న జబ్బు అది. అక్కడ ఓ విద్యార్థిని తెచ్చిన పుస్తకంలో కాగితాన్ని పువ్వు రేకుల్లా కత్తిరించి, రేకు ఎత్తితే గుండె గదులు కనిపించేలా అతికించి ఉంది. పెట్రా దాన్ని పట్టుకెళ్లి మీటింగులో పదిమందికీ చూపించి మురిసిపోయింది. వారం తిరక్కుండానే తెలిసింది, కాలేజీ వెనక సందులో ఓ కొట్టువాడు అవే రేకులు, అవే గుండెలు అడిగినవాళ్లకల్లా చేసిస్తున్నాడని. "మీరు మెచ్చుకుంది కొట్టువాడి పనితనం" అని తోటివాళ్లు నవ్వారు. ఆ నవ్వు ఆమెతో పాటు ఓడెక్కి బోహోల్ దాకా వచ్చింది.

ఈ ద్వీపంలో, సముద్రం గోడకి ఆనుకుని ఉన్న ఈ టీచర్ల కాలేజీలో చేరిన మొదటి రోజునే ఆమె తరగతికి గట్టిగా చెప్పింది. "సైన్సు చెప్పబోయేవాళ్లు మీరు. రేపు మీ పిల్లల చేత రాయించే పుస్తకం ముందు మీరే రాసి చూడాలి. కుడి పేజీ నాది. నేను చెప్పింది, పాఠంలో ఉన్నది అక్కడ రాయండి. ఎడమ పేజీ మీది. మీరు చూసింది, మీకు తోచింది, మీకు అర్థం కానిది, బొమ్మో, ప్రశ్నో, ఏదైనా సరే. మీ భాషలోనే రాయండి. కుడి పేజీలో నా మాట, ఎడమ పేజీలో మీ బుర్ర."

"బుర్ర లేనివాళ్ల సంగతేంటి మేడమ్?" వెనక బెంచీలోంచి ఆర్జీ అడిగాడు. ప్రతి తరగతికీ ఒకడుంటాడు కదా, ఈ తరగతికి వాడు.

"ఖాళీగా వదిలెయ్యి. అబద్ధం కంటే ఖాళీ నయం."

ఆ మాట వాళ్లకి నచ్చింది. కాంటీన్లో అన్నం తక్కువ పెట్టినా "అబద్ధం కంటే ఖాళీ నయం" అనుకునేవాళ్లు.

పక్క బల్ల దగ్గర కూర్చునే ఫెలిసితాస్ ఇబాన్యెస్‌కి మాత్రం ఈ పుస్తకాలంటే గిట్టదు. ముప్పై ఏళ్లుగా సుద్దముక్కతో సైన్సు చెబుతున్న మనిషి. స్టాఫ్ రూమ్‌లో ఆమె బల్ల మీద ఎప్పుడూ అరటాకు పరిచిన పళ్లెంలో పుతోలు, ఆవిరి మీద ఉడికించిన చిన్న బియ్యప్పిండి ముద్దలు, ఉంటాయి. వాటి మీద కొబ్బరి కోరు వేసుకుని తింటూ లోకాన్ని తూకం వేస్తూ ఉంటుంది.

"ఇందాయ్, కత్తెరా జిగురూ రంగు కాగితాలూ… ఇది సైన్సు డిపార్ట్‌మెంటా, దర్జీ కొట్టా?" అనేది. వయసులో చిన్నవాళ్లందరూ ఆమెకి ఇందాయ్‌లే.

"దర్జీ కొట్టులో అయినా కొలతలు తీస్తారక్కా. సుద్దముక్కతో ఎవరికి ఎంత ఎక్కిందో ఏం తెలుస్తుంది?"

"తెలుసుకుని బాధపడే కంటే తెలియకపోవడమే మేలు" అని ఫెలీ ఇంకో పుతో నోట్లో వేసుకునేది.

నైరుతి వానలు దిగిన వారంలో పెట్రా తరగతికి చంద్రుణ్ణి అప్పగించింది. రోజూ సాయంత్రం చంద్రుణ్ణి చూడాలి, ఎడమ పేజీలో గీయాలి, తోచింది రాయాలి. సోమ, మంగళవారాలు ఆకాశం సహకరించింది. బుధవారం పొద్దున మొదలైన ముసురు మర్నాడు తెల్లవారితే గానీ తెరిపి ఇవ్వలేదు. ఆకాశం మసిగుడ్డలా వేలాడింది. చంద్రుడి మాట అటుంచి, ఎదురుగా ఉన్న దీవి కూడా కనిపించలేదు.

గురువారం పొద్దున పెట్రా పుస్తకాలు తిరగేసింది. బుధవారం పేజీలో కొందరు "మబ్బు" అని రాశారు. కొందరు ఖాళీగా వదిలేశారు. ఆర్జీ ఒక గొడుగు గీసి దాని కింద తన బొమ్మ గీసుకున్నాడు. ఆమెకి తృప్తిగా అనిపించింది. అంతలో లీసెల్ తుముళక్ పుస్తకం చేతికొచ్చింది.

అందులో చంద్రుడున్నాడు.

పున్నమికి రెండు మూడు రోజుల ముందు ఉండేంత పొట్టతో, ఎదుటి దీవి నెత్తిమీద కూర్చున్నట్టు, చాలా కిందగా. చంద్రుడి కింద నీళ్లు వెనక్కి లాగేస్తే బయటపడ్డ రాళ్లు, ఓ బుట్ట. బొమ్మ కింద ఒకటే మాట: నకిటా.

ఆ మాట పెట్రా పుట్టిన ఊళ్లోనూ ఉంది, ఈ ద్వీపంలోనూ ఉంది. చూశాను అని అర్థం.

నిన్నటి వానలో!

పెట్రా పుస్తకాన్ని దగ్గరికి తీసుకుంది. అందమైన పుస్తకం కాదది. జిగురు మరకలు, ఉప్పు వాసన, తడిసి ఆరి అప్పడంలా వంకర్లు పోయిన అట్ట. ఇన్నాళ్లూ ఆ వికారమే ఆమెకి నమ్మకం కలిగించింది. ఇప్పుడు ఆ వికారం మీదే అనుమానం వచ్చింది. నిజమనిపించడానికే ఇలా పెట్టుకుందేమో. మనీలా పిల్లలు రేకులు అతికించారు, ఈ పిల్ల ఉప్పునీళ్లు చల్లింది. అంతే తేడా.

"అక్కా, ఇది చూడు."

ఫెలీ కళ్లజోడు పైకెత్తి చూసింది. "ఫోనులో చూసి గీసింది. ఈ రోజుల్లో ఫోను అడిగితే చంద్రుడేంటి, చంద్రుడి మేనమామని కూడా చూపిస్తుంది."

పెట్రా తన ఫోను తీసి బుధవారం సాయంత్రం ఆరు గంటలకి చంద్రుడు ఎక్కడున్నాడో వెతికింది. పొట్ట సరిగ్గా అంతే. కానీ ఆరింటికి చంద్రుడు ఆకాశంలో బాగా పైకెక్కి ఉండాలి. లీసెల్ చంద్రుడు దీవిని అంటుకుని ఉన్నాడు.

"కాపీ కూడా సరిగ్గా కొట్టలేకపోయింది" అంది ఫెలీ. ఆ మాటలో జాలి కూడా ఉంది.

అక్కడ ఏదో పొసగడం లేదని పెట్రాకి తోచకపోలేదు. కాపీ కొట్టినవాళ్లు ఎత్తు మాత్రం ఎందుకు మారుస్తారు? కానీ అనుమానం పుట్టినవాడికి ముద్దలో ఒక్క రాయి తగిలితే బస్తా బియ్యమూ రాళ్లే. ఆమె పుస్తకం మూసేసింది.

శనివారం పొద్దున మీటింగు. ఈ టర్ములో ఎవరెవరిని బడులకి పంపాలో, పిల్లల ముందు నిలబెట్టి పాఠం చెప్పించాలో ఆ మీటింగులో తేలుతుంది. సైన్సు పిల్లల విషయంలో పెట్రా మాటే చివరి మాట. పంపకపోతే ఏడాది ఆగాలి. డిసెంబరు తుఫానులో ఇంటి కప్పు లేచిపోయిన సంవత్సరం లీసెల్ ఒకసారి ఆగిపోయింది. ఇంకోసారి ఆగితే మళ్లీ రాదని ఎవరూ చెప్పక్కర్లేదు. అలా ఆగి, బజారులో ఎండుచేపలు అమ్ముకుంటున్న పాత విద్యార్థులు ఊళ్లో ఉన్నారు.

అయితే మాత్రం? చూడనిది చూశానని రాసే మనిషిని నలభై మంది పిల్లల ముందు ఎలా నిలబెట్టడం?

నేరుగా అడిగితే ఒక్క నిమిషంలో తేలిపోయేది. పెట్రా అడగలేదు. మనీలాలో అడిగింది, "నేనే చేశాను మేడమ్" అని కళ్లలోకి చూస్తూ చెప్పారు. అందుకని ఈసారి చుట్టూ తిరిగి వచ్చింది. మధ్యాహ్నం మెట్ల దగ్గర ఆర్జీ కనిపిస్తే మామూలుగా పలకరించినట్టు పలకరించింది.

"నిన్న వానలో మీరంతా ఎక్కడ ఇరుక్కున్నారు?"

"హాస్టల్లోనే మేడమ్. కరెంటు లేదు, పని లేదు. అమ్మాయిల వైపు నుంచి గురక వినిపించింది."

"ఎవరిదో?"

"లీసెల్‌ది అన్నారు మేడమ్. క్లాసు కాగానే బుట్ట పట్టుకుని సముద్రం గోడ దిగి వెళ్లిపోయింది, గొడుగైనా లేకుండా. ముద్దగా తడిసి వచ్చి, బట్టలు మార్చుకుని పడుకుంది. ఐదున్నరకే. మళ్లీ పొద్దునే లేవడం." అంతలో వాడి మొహంలో నవ్వు తగ్గింది. "ఎందుకు మేడమ్? ఏమైనా అయిందా?"

"ఏం కాలేదు. నీ గొడుగు బొమ్మ బాగుంది."

వాడు వెళ్తూ వెళ్తూ రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. మెచ్చుకోలు వాడికి అలవాటు లేదు.

ఐదున్నరకి నిద్రపోయిన పిల్ల ఆరింటి చంద్రుణ్ణి చూసింది! ఇంకేం కావాలి? ఫోను చూసి గీసింది, అదీ నిద్రమత్తులో. పెట్రా స్టాఫ్ రూమ్‌కి వచ్చి ఫెలీకి చెప్పింది. ఫెలీ పళ్లెం ఇటు జరిపి, "తిను ఇందాయ్. దొంగని పట్టినరోజు ఆకలెక్కువ వేస్తుంది" అంది. పెట్రా పళ్లెం వెనక్కి జరిపింది.

సాయంత్రం క్లాసు అయ్యాక లీసెల్‌ని పిలిపించింది. లీసెల్ పొట్టిగా, గట్టిగా ఉంటుంది. చేతుల మీద సన్నటి గీతలు, రాళ్ల మధ్య గవ్వలూ నత్తలూ ఏరేవాళ్ల చేతుల మీద ఉండేవి. తలుపు దగ్గర చెప్పులు విప్పి లోపలికి వచ్చింది. పక్క బల్ల దగ్గర ఫెలీ పేపరు ఎత్తి పట్టుకుంది. అది నిన్నటి పేపరు.

"బుధవారం చంద్రుణ్ణి చూశావా లీసెల్?"

"పుస్తకంలో రాశాను కదా మేడమ్."

"రాసింది నేను చదివాను. చూశావా అని అడుగుతున్నాను."

లీసెల్ తెల్లబోయింది. "ఎలా చూస్తాం మేడమ్, ఆ వానలో?"

పేపరు వెనక నుంచి చిన్న దగ్గు వినిపించింది.

లీసెల్ ఇంత తేలిగ్గా ఒప్పుకుంటుందని పెట్రా అనుకోలేదు. ఒప్పుకున్నందుకు ఇంకా కోపం వచ్చింది. పుస్తకం తెరిచి ఆ మాట మీద వేలు పెట్టింది. "మరి ఇదేంటి? నకిటా. ఎవరు రాశారు, మీ హాస్టల్ పిల్లా?"

"నేనే మేడమ్. నకిటా అంటే… నీళ్లలో కనుక్కున్నాను."

"నీళ్లలో చంద్రుడా? నీడ పడిందా?"

"నీడ కాదు మేడమ్." లీసెల్ ఇబ్బందిగా కాళ్లు మార్చుకుంది. అందరికీ తెలిసిన సంగతి విడమర్చి చెప్పాలంటే ఎవరికైనా ఇబ్బందే. "నీళ్లు బాగా లాగి, ఎప్పుడూ మునిగుండే నల్లరాయి మెడ దాకా బయటపడిందంటే చంద్రుడు దీవి మీదికి అప్పుడే ఎక్కుతున్నట్టు. మబ్బున్నా లేకపోయినా. చిన్నప్పటి నుంచీ నత్తలకి పోతున్నాం కదా. మంగళవారం చూసిన పొట్టకి కాస్త కలిపాను. అందుకే రాయి గీశాను, బుట్ట గీశాను. చంద్రుణ్ణి వాటిని బట్టే గీశాను."

పెట్రాకి గుర్తొచ్చింది. నకిటా అంటే చూశాను మాత్రమే కాదు. పోయిన తాళంచెవి దొరికితే నకిటా. లెక్కకి జవాబు తేలితే నకిటా. చిన్నప్పుడు పేలు చూసేటప్పుడు నాయనమ్మ చీకట్లో వేళ్లతో తడిమి "నకిటా!" అనేది. మాటకి రెండు ముఖాలున్నాయి. తనకి కావలసిన ముఖం ఒక్కటే తను చూసింది.

అయినా అంత తొందరగా లొంగలేదు. "ఎప్పుడెళ్లావు నీళ్ల దగ్గరికి?"

"క్లాసు కాగానే. నాలుగు గంటలకి."

"నేను చూడమంది సాయంత్రం. అంటే ఆరింటికి."

"నాలుగంటే సాయంత్రమే కదా మేడమ్?"

పెట్రా ఫోను తీసి గంటలు వెనక్కి తిప్పింది. బుధవారం, నాలుగు. చంద్రుడు తూర్పున నీళ్లని అంటుకుని, అప్పుడే లేస్తున్నాడు. లీసెల్ బొమ్మలో లాగే.

"ఫోను ఆ పిల్ల దగ్గరా ఉంది ఇందాయ్" అంది పేపరు.

లీసెల్ పేపరు వైపు తిరిగింది. "ఫోనులో చూసుంటే పెట్రా మేడమ్ అనుకున్న ఆరింటి చంద్రుణ్ణే గీసేదాన్ని కదా మేడమ్? మార్కులన్నా వచ్చేవి."

పేపరు దించి ఫెలీ ఆ పిల్లని మొదటిసారి నిండుగా చూసింది.

లీసెల్‌కి అప్పుడు అర్థమైంది తనని ఎందుకు పిలిచారో. మెట్ల దగ్గర మేడమ్ ఏవో అడిగారని ఆర్జీ చెప్పడం, హాస్టల్లో ఇద్దరు ఆమెని చూసి మాట ఆపేయడం, అన్నీ ఒక్కచోటికి చేరాయి. మొహం ఎర్రబడింది. గొంతు మాత్రం పెంచలేదు.

"మేడమ్, ఒకటి అడగనా? నేను కాపీ కొట్టానని మీరు నకిటా?" కాస్త ఆగింది. "చూశారా, కనుక్కున్నారా?"

పెట్రా జవాబు కోసం వెతికింది. చూడలేదు. కనుక్కున్నదీ లేదు, కనుక్కోవడమంటే నీళ్ల దాకా పోవాలి కదా. తను చేసింది ఆ రెండింటికీ బయటి పని. దానికి ఏ భాషలోనూ మంచి మాట లేదు.

"రెండూ కాదు" అంది చివరికి.

లీసెల్ పుస్తకం కోసం చెయ్యి చాపింది. పెట్రా ఇవ్వలేదు.

"ఆగు. నా తప్పు నాది, నీ తప్పు నీది. కూర్చో." కుర్చీ చూపించింది. "రేపు నువ్వు బడికి వెళ్తావనుకో. బోర్డు మీద చంద్రుణ్ణి గీసి నకిటా అన్నావనుకో. పిల్లలు ఏమనుకుంటారు?"

"చూశాననుకుంటారు."

"వానలో కూడా మా మేడమ్‌కి చంద్రుడు కనిపిస్తాడు అని ఇంటికెళ్లి చెబుతారు. నువ్వు అబద్ధం చెప్పలేదు. కానీ వాళ్ల బుర్రలోకి పోయేది అబద్ధమే."

"మా అమ్మ రోజూ అంటుంది మేడమ్ నకిటా అని. చూశావా కనుక్కున్నావా అని ఎవరూ అడగరు."

"అమ్మని అడగరు. టీచర్ని అడగాలి. అడగడం నేర్పడానికే కదా నువ్వు వెళ్లేది."

లీసెల్ పెన్సిలు తీసుకుని, చంద్రుడి చుట్టూ పెన్నుతో గీసిన గీత పక్కన చుక్కలు పెట్టుకుంటూ వచ్చింది. రాళ్లని, బుట్టని అలాగే వదిలేసింది. "కంటితో చూసింది పెన్నుతో, కనుక్కుంది పెన్సిలుతో. సరిపోతుందా మేడమ్?"

"సరిపోతుంది. కానీ నాకు ఇంకా నమ్మకం కుదర్లేదు" అంది పెట్రా. ఉన్నమాటే చెప్పింది. "రేపు నాకు చూపించు. ముందే రాసివ్వు, చంద్రుడు ఎప్పుడు ఎక్కడుంటాడో."

"గంట రాయలేను మేడమ్. రాయి రాస్తాను." లీసెల్ కొత్త ఎడమ పేజీలో పెన్సిలుతో రాసింది: నల్లరాయి మెడ దాకా బయటపడ్డప్పుడు, దీవి నెత్తిమీద. "రేపు ఆలస్యంగా లాగుతాయి నీళ్లు. చీకటి పడేముందు రండి. ఆ బూట్లు వద్దు."

శుక్రవారం వాన లేదు గానీ తూర్పున మబ్బు గోడ కట్టినట్టు నిలబడింది. పెట్రా చెప్పులు చేత్తో పట్టుకుని లీసెల్ వెనకాలే రాళ్ల మీద నడిచింది. అక్కడక్కడా ఆడవాళ్లు నడుం వంచి బుట్టల్లోకి గవ్వలు ఏరుతున్నారు. ఒకావిడ తలెత్తి, "లీసెల్, ఎవర్ని తెచ్చావే? టీచరా? నత్తలు పరీక్ష పెడతాయా ఏంటి?" అంది. మిగతావాళ్లు నవ్వారు.

"నాకే పరీక్ష పిన్నీ!"

నీళ్లు కంటికి తెలియకుండా జరుగుతున్నాయి. నల్లరాయి నెత్తి, నుదురు, తర్వాత మెడ. పెట్రా తూర్పు వైపు చూసింది. మబ్బు. దీవి నెత్తి మీద మబ్బు, దాని మీద ఇంకో మబ్బు.

"ఇప్పుడు" అంది లీసెల్.

ఏమీ కనిపించలేదు. పెట్రా సంచీలో చెయ్యి పెట్టి ఫోనుని తడిమింది. తీస్తే తేలిపోతుంది. కానీ ఫోనులో చూసుకునే మాటైతే ఇంత దూరం చెప్పులు మోసుకుని రావడం ఎందుకు? చెయ్యి అలాగే ఉంచి కళ్లు చికిలించింది. దీవికి పైన, సరిగ్గా ఆ చోట, మబ్బు అంచు కొద్దిగా తెల్లబడ్డట్టుంది. పాలు కాచిన గిన్నె అంచులా. అది చంద్రుడేనా? అవతల వైపు వేటపడవ దీపం వెలిగించారా? నిజంగా చూసిందా, చూడాలనుకుంటే అలా అనిపించిందా?

"కనిపించిందా మేడమ్?" లీసెల్ గొంతులో ఆదుర్దా మొదటిసారి బయటపడింది. రెండు చేతులూ బుట్ట అంచుని గట్టిగా పట్టుకున్నాయి.

అవునంటే అబద్ధం కావచ్చు. కాదంటే అదీ అబద్ధం కావచ్చు. ఆ పిల్లకి ఎంత కష్టమైన పని అప్పగించిందో పెట్రాకి అప్పుడు తెలిసింది.

"పెన్సిలు ఇవ్వు" అంది.

తన పుస్తకంలో, ఎడమ పేజీలో, మోకాలి మీద పెట్టుకుని రాసింది: మబ్బు. దీవి మీద తెల్లటి అంచు, ఉన్నట్టుంది. రాయి మెడ దాకా. ఒక్క రాయిని మాత్రం పెన్నుతో గీసింది.

శనివారం మీటింగులో సైన్సు పిల్లల పేర్లు చదువుతున్నప్పుడు లీసెల్ తుముళక్ దగ్గర పెట్రా ఆగలేదు. "పంపుతున్నాను. ఊరి బడికి" అంది. బల్ల కింద నుంచి ఫెలీ కాలితో పొడిచింది. బయటికి వచ్చేదాకా కూడా ఆగలేకపోయింది.

"నిన్న చంద్రుణ్ణి చూశావా?"

"లేదక్కా."

"మరి ఏం చూసి పంపుతున్నావు?"

"రాయిని చూశాను. మిగతాది కనుక్కున్నాను."

"ఫోనులోనా?"

"ఫోను తియ్యలేదు."

ఫెలీ కళ్లజోడు మీదుగా ఆమెని పరీక్షగా చూసింది, తరగతిలో జవాబు బట్టీపట్టి చెప్పే పిల్లల్ని చూసినట్టు. "నిన్ను నమ్మాలా?"

"నమ్మొద్దక్కా. నమ్మమని నేను అనలేదు."

ఫెలీ తన బల్ల దగ్గరికి పోయి పళ్లెం మీది ఆకు మూసింది. కాసేపు కిటికీలోంచి సముద్రం గోడ వైపు చూసింది. తర్వాత వంగి, బల్ల కింద ఉన్న బూట్లు పక్కకి నెట్టి, పాత రబ్బరు చెప్పులు వెతకడం మొదలుపెట్టింది.

"ఇందాయ్, ఈరోజు నీళ్లు ఎన్నింటికి లాగుతాయి?"

"నీకెందుకక్కా?"

"ఊరికే" అంది ఫెలీ, చెప్పులు దులుపుతూ. "ఆ పిల్ల మాట నేనైతే ఇంకా నమ్మలేదు."